పాత బాత్‌టబ్ తీసేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి: పూర్తి పద్ధతి

మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, 1990ల్లో కట్టిన బిల్డింగ్. అప్పట్లో పెద్ద బెడ్రూమ్ బాత్రూంలో టబ్బు ఉంటే అదో ముచ్చట, నాన్న ఇష్టపడి పెట్టించారు. కానీ అది నిండాలంటే 150 నుంచి 200 లీటర్ల నీళ్లు కావాలి, ఎండాకాలం ట్యాంకర్ తెప్పించుకునే చోట ఎవరికి మనసొప్పుతుంది, అందుకే చివరికి బకెట్లు పెట్టుకోవడానికి, దుప్పట్లు నానబెట్టడానికి వాడుతూ వచ్చాం. షవర్ కూడా టబ్బు మీదే ఉంది కాబట్టి స్నానానికి 18 అంగుళాల ఎత్తున్న గోడ దాటి లోపలికి దిగాలి. అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఆ గోడ దాటడం చూస్తుంటే గుండె ఆగినంత పనయ్యేది, ఒక చెయ్యి ట్యాప్ మీద, ఒక చెయ్యి తడి టైల్ మీద. ఆ రోజే అనుకున్నా దీన్ని తీసేయాల్సిందే అని.

తీసేశాం కూడా. నేను, ఒక మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు, ఒక ప్లంబర్. టబ్బు బయటికి రావడానికి 2 రోజులు పట్టింది, దాని కింద పని పూర్తవడానికి ఇంకో 12 రోజులు. చాలామంది టబ్బు తీయడం అంటే సమ్మెట తీసుకుని కొట్టేయడమే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా, కానీ అసలు సంగతి ఏంటంటే టబ్బు పోయినా ఏం కాదు, కింద ఉన్న డ్రెయిన్ పైపు, స్లాబ్, కింద ఫ్లాట్ వాళ్ల సీలింగ్, ఈ మూడూ దెబ్బ తినకూడదు. కింద చెప్పేదంతా ఆ మూడింటిని కాపాడుకుంటూ టబ్బు తీసే వరస.

ముందు మీది ఏ టబ్బో తేల్చుకోండి

దీనికి ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి చాలు. టబ్బుకి పెట్టి చూడండి. అతుక్కోకపోతే అది ఆక్రిలిక్ గానీ ఫైబర్ గానీ, 20 నుంచి 35 కిలోల మధ్య ఉంటుంది, కోసి కూడా తీసేయొచ్చు, మీకు సగం పని తప్పినట్టే. అతుక్కుంటే స్టీల్ మీద ఎనామిల్ వేసింది కావచ్చు, లేదా క్యాస్ట్ ఐరన్ కావచ్చు. వేళ్లతో తట్టండి. స్టీల్ అయితే డబ్బా మోగినట్టు ఖంగుమంటుంది, క్యాస్ట్ ఐరన్ అయితే బండరాయి కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. అంచు మందం చూసినా తెలిసిపోతుంది. స్టీల్ టబ్బు 30 నుంచి 50 కిలోలు, ఇద్దరు ముగ్గురు మోస్తారు. క్యాస్ట్ ఐరన్ అయితే 120 నుంచి 160 కిలోల దాకా ఉంటుంది, అది పూర్తిగా వేరే లెక్క, దాని గురించి తర్వాత చెప్తా. మాది స్టీల్.

తర్వాత టేప్ తీసుకుని టబ్బు పొడవు, వెడల్పు, లోతు, బాత్రూం తలుపు ఫ్రేమ్ లోపలి కొలత, బెడ్రూమ్ తలుపు, లిఫ్ట్ తలుపు, అన్నీ కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. మా టబ్బు ఐదున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. తలుపు కూడా రెండున్నర అడుగులే, అంటే పడుకోబెట్టి తీస్తే రాదు, పక్కకి తిప్పి నిలబెడితే వస్తుంది. ఈ లెక్క ముందే వేసుకుంటే టబ్బుని తలుపు దగ్గర చేతుల మీద పెట్టుకుని ఆలోచించే పరిస్థితి రాదు.

పని మొదలుపెట్టే ముందు మనుషులతో మాట్లాడాల్సినవి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి చెప్పండి, కొట్టుడు పని ఏ టైంలో చేసుకోవచ్చో కనుక్కోండి. అంతకంటే ముఖ్యం కింద ఫ్లాట్ వాళ్లు. నేను వెళ్లి వాళ్ల బాత్రూం సీలింగ్ మొత్తం ఫొటోలు తీసుకున్నా, అప్పటికే ఉన్న చెమ్మ మరకలతో సహా, ఆ ఫొటోలు కింద ఆంటీకి కూడా వాట్సాప్ చేశా. రేపు ఏదైనా మరక కనిపిస్తే అది పాతదా కొత్తదా అని ఇద్దరికీ తెలియాలి కదా. ఆమె "చుక్క పడ్డా ఫోన్ చేస్తా బాబూ, అర్ధరాత్రైనా సరే" అంది. అలా ఫోన్ చేసే మనిషి కింద ఉండటం మీకు మంచిదే, నమ్మండి.

అక్కడే ఇంకో విషయం కూడా చూడాలి. మీ బాత్రూం పైపులు ఎక్కడ నడుస్తున్నాయి? కొన్ని బిల్డింగ్‌లలో మన ట్రాప్ (మురుగు వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచి ఉండే వంపు) స్లాబ్ దాటి కింద వాళ్ల బాత్రూం సీలింగ్‌కి వేలాడుతూ ఉంటుంది, కొన్నింటిలో సంకన్ స్లాబ్ ఉంటుంది, అంటే బాత్రూం స్లాబ్‌ని కిందికి దించి పోసి, ఆ గుంతలోనే పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి పైన ఫ్లోరింగ్ చేస్తారు. వేలాడే రకమైతే టబ్బు డ్రెయిన్ విప్పే పని కింద వాళ్ల ఇంట్లోంచి కూడా ఉంటుంది, వాళ్ల టైం చూసుకుని చేయాలి. మాది సంకన్, 9 అంగుళాల లోతు.

ఏమేం కావాలి

సుత్తి, సన్నటి ఉలి, వెడల్పు ఉలి (మా దగ్గర చెన్నీ అంటారు), చిన్న సమ్మెట, గునపం, రెండు పైపు రెంచ్‌లు, 4 అంగుళాల గ్రైండర్, పేపర్ కట్టర్, టెఫ్లాన్ టేప్, అరంగుళం డమ్మీలు (పైపు నోటికి బిగించే మరల మూతలు) 4, పాత గుడ్డలు, గోనె సంచులు, ఒక టార్పాలిన్, రెండు చెక్క పలకలు, ఖాళీ సిమెంట్ బస్తాలు ఎన్ని దొరికితే అన్ని. పైపు రెంచ్ రెండు అని ఎందుకన్నానో కింద తెలుస్తుంది.

కళ్లద్దాలు, ఎన్95 మాస్క్, గ్లవ్స్, బూట్లు. ఇవి మీకు మాత్రమే కాదు, పనికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కొనండి. టైల్స్, సిమెంట్ కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, ఆ జబ్బు నయం కాదు. మన ఇంట్లో రెండ్రోజులే కావచ్చు, ఆ హెల్పర్ మాత్రం రోజూ ఏదో ఒక ఇంట్లో అదే దుమ్ము పీలుస్తాడు. తుండుగుడ్డ ముక్కుకి కట్టుకుంటే ఆ సన్న దుమ్ము ఆగదు. గ్రైండర్ పెట్టేటప్పుడు ఒకరు పక్కనుంచి కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతుంటే దుమ్ము చాలా తగ్గుతుంది, కాకపోతే నీళ్లు మెషీన్ మీద, ప్లగ్ మీద పడకూడదు, ఆ మెషీన్ పెట్టే లైన్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉండి తీరాలి.

తలుపు దగ్గర టార్పాలిన్ కట్టండి, కమోడ్ మీద గోనె సంచి కప్పి పైన ప్లైవుడ్ ముక్క పెట్టండి. ఒక్క టైల్ ముక్క పడితే కమోడ్ పగులుతుంది.

కరెంటు, నీళ్లు

గీజర్ ఎంసీబీ దించేయండి, స్విచ్ ఆపడం ఒక్కటే సరిపోదు. గీజర్ నీళ్లు వేడిగా ఉంటే ముందు రోజు రాత్రే ఆపేయడం మంచిది.

నీళ్లకి బాత్రూం బయట గేట్ వాల్వ్ ఉంటే అది, లేకపోతే టెర్రస్ మీద మీ లైన్‌కి ఉన్న వాల్వ్. పాత బిల్డింగ్‌లలో ఈ వాల్వ్‌లు ఏళ్లుగా తిప్పక బిగుసుకుపోతాయి, సగం మూసుకుని ఆగిపోతాయి. అందుకే పనికి వారం ముందే ఒకసారి తిప్పి చూసుకోండి. మా వాల్వ్ మూసినా సన్నటి ధార వస్తూనే ఉంది, పని ఆపి ముందు అది మార్పించాల్సి వచ్చింది. వాల్వ్ మూశాక బాత్రూంలో అన్ని ట్యాపులూ తెరిచి లైన్‌లో నీళ్లు మొత్తం కారిపోనివ్వండి.

ఇప్పుడు వాల్ మిక్సర్, అంటే వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే గోడ ట్యాప్, విప్పడం. మిక్సర్‌కి వెనక ఒకదానికొకటి ఆరంగుళాల దూరంలో రెండు లెగ్స్ ఉంటాయి, ఒకటి వేడినీళ్లు, ఒకటి చన్నీళ్లు. పాత జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపులు లోపల తుప్పు పట్టి ఉంటాయి, నట్టు మీద బలమంతా పెట్టి తిప్పితే నట్టు రాదు, గోడ లోపల నిపుల్ (మరలున్న చిన్న పైపు ముక్క) విరుగుతుంది, ఇక గోడ పగలగొట్టాల్సిందే. అందుకే రెండు రెంచ్‌లు, ఒకదాంతో గోడవైపు పైపుని కదలకుండా పట్టుకుని, రెండోదాంతో నట్టు తిప్పాలి. తుప్పు వదిలే స్ప్రే కొట్టి అరగంట ఆగితే ఇంకా సులువు. మిక్సర్ వచ్చాక ఆ రెండు నోళ్లకీ, షవర్ పాయింట్‌కీ డమ్మీలు బిగించండి, డమ్మీ మరలకి టెఫ్లాన్ టేప్ గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, లేకపోతే బిగిస్తుంటే ఊడిపోతుంది. వెంటనే వాల్వ్ తెరిచి 10 నిమిషాలు చూడండి, డమ్మీ చుట్టూ పొడి టిష్యూ పెట్టి చూస్తే చిన్న చెమ్మ కూడా తెలిసిపోతుంది. ఇది సరిగ్గా ఉంటేనే ముందుకి.

డ్రెయిన్ విడదీయడం, అసలు జాగ్రత్త ఇక్కడే

టబ్బుకి రెండు చోట్ల నీళ్లు పోయే దారి ఉంటుంది. అడుగున వేస్ట్ కప్లింగ్ (నీళ్లు దిగే కన్నానికి బిగించిన జాలీ, పైపు ముక్క), పైన అంచుకి కొంచెం కింద ఓవర్‌ఫ్లో బిళ్ల. రెండూ టబ్బు వెనక ఒక పైపుతో కలిసి కిందికి వెళ్తాయి. ఓవర్‌ఫ్లో బిళ్లకి మధ్యలో స్క్రూ ఉంటుంది, విప్పితే వచ్చేస్తుంది. కప్లింగ్ జాలీకి కూడా మధ్యలో స్క్రూ ఉండొచ్చు, అది విప్పాక కింద పెద్ద నట్టు వదులు చేయాలి.

ఆ నట్టు దగ్గరికి చెయ్యి ఎలా పోతుంది అనేదే సమస్య. మంచి మేస్త్రీ కట్టిన టబ్బు అయితే టబ్బుని మూస్తూ కట్టిన పక్క గోడలో డ్రెయిన్ వైపు ఒక చిన్న తలుపో, ఊడదీయగలిగే టైలో వదిలి ఉంటాడు. వెతకండి, చుట్టూ సిమెంట్ కాకుండా సిలికాన్ పూసి ఉన్న టైల్ ఏదైనా ఉంటే అదే. మా దాంట్లో ఏమీ లేదు. అప్పుడు టబ్బు పక్క గోడని మొత్తం కాకుండా డ్రెయిన్ ఉన్న చివర మాత్రం అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కన్నం చేసి, టార్చ్ వేసి చూశాం.

లోపల చూసింది ఏంటంటే, టబ్బు వేస్ట్ పైపు ఏ ట్రాప్‌కీ బిగించి లేదు. టబ్బు కింద నేలలో నహానీ ట్రాప్ (బాత్రూం నేల మీది నీళ్లు పోయే ట్రాప్) ఒకటి తెరిచి ఉంది, పైపు చివర దాంట్లోకి వదిలేశారు, చుట్టూ గుడ్డ చుట్టి వైట్ సిమెంట్ కుక్కారు, ఆ సిమెంట్ ఎప్పుడో పగిలిపోయింది. అంటే ఇన్నేళ్లుగా టబ్బులోంచి పోయిన నీళ్లలో కొంత ట్రాప్‌లోకి, కొంత పక్కన ఇసుకలోకి పోతూనే ఉంది. కింద ఆంటీ వాళ్ల సీలింగ్ మీద మరక సరిగ్గా ఆ చోటే ఉంది.

ఇలాంటి తెరిచిన ట్రాప్ కనిపించగానే అన్ని పనులూ ఆపి ముందు దాన్ని మూయండి. గట్టిగా చుట్టిన గుడ్డకి ఒక తాడు కట్టి, తాడు చివర బయట ఉండేలా లోపలికి కుక్కి, పైన పాలిథిన్ కవర్ వేసి టేప్ అంటించి, దాని మీద ఒక చెక్క. మేము గుడ్డ తేవడానికి వెళ్లి వచ్చే ఐదు నిమిషాల్లో హెల్పర్ ఇంకో రెండు దెబ్బలు వేశాడు, అరచేతంత సిమెంట్ పెళ్ల జారి ట్రాప్‌లో పడింది. ట్రాప్‌లో ఎప్పుడూ రెండంగుళాల మట్టాన నీళ్లు నిలిచి ఉంటాయి, డ్రెయిన్ వాసన పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే, ఆ వంపులోకి పెళ్ల వెళ్లి ఇరుక్కుంటే ఇక చెయ్యి పట్టదు. దాన్ని ముక్కలు చేసి తీయడానికి ప్లంబర్‌కి సాయంత్రం దాకా పట్టింది. ఒకవేళ అది ఇంకా ముందుకి జారి నిలువు పైపులో పడి ఉంటే కింద అంతస్తుల వాళ్ల బాత్రూంలన్నీ పొంగేవి. అందుకే చెప్తున్నా, గుడ్డ, కవర్, చెక్క చేతిలో ఉంచుకునే మొదటి దెబ్బ వేయించండి.

షాఫ్ట్‌లోకి (బిల్డింగ్ పైపులు నిలువుగా దిగే సందులోకి) వెళ్లే పాత పైపులు బూడిద రంగులో సిమెంట్ పైపుల్లా ఉంటే అవి ఆస్బెస్టాస్ సిమెంట్ కావచ్చు. వాటి మీద గ్రైండర్ పెట్టొద్దు, ఉలితో కొట్టొద్దు, ఆ పీచు దుమ్ము ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. ఆ జాయింట్ ప్లంబర్‌తో తడిపి విప్పించండి, లేదా దాన్ని ముట్టుకోకుండా ఇవతలి పైపు నుంచే కొత్తది కలపండి.

టైల్స్, పక్క గోడ

టబ్బు అంచు మూడు వైపులా గోడలోకి దూరి ఉంటుంది, దాని మీద నుంచి టైల్ వచ్చి కూర్చుంటుంది. మా దాంట్లో అంచు ముప్పావు అంగుళం లోపలికి ఉంది. కాబట్టి టబ్బు పైన ఒక వరస టైల్స్ మూడు వైపులా తీయాల్సిందే, అది తీయకుండా టబ్బు లాగితే పై టైల్స్ అన్నీ పొరలు పొరలుగా రాలతాయి.

ముందు పేపర్ కట్టర్‌తో టబ్బుకీ టైల్‌కీ మధ్య సిలికాన్, వైట్ సిమెంట్ మొత్తం కోసేయండి. తర్వాత తీయాల్సిన వరసకి పైన ఉన్న జాయింట్‌లో గ్రైండర్‌తో ఒక గీత, టైల్ మందం 8 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అంతకంటే లోతు వద్దు. ఎందుకు వద్దంటే గోడలో నీళ్ల పైపులు ఉంటాయి, కరెంటు వైర్లు నడిచే కండ్యూట్ పైపు కూడా ఉండొచ్చు. ఆ గీత వేస్తే కింది వరస కొట్టినప్పుడు అదురు పైకి పోదు. మీరు గోడ టైల్స్ అన్నీ ఎలాగూ మారుస్తుంటే ఈ గీతతో పని లేదు, నేరుగా కొట్టుకుంటూ రావచ్చు.

పక్క గోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాల ఇటుక. పైన మధ్యలోంచి మొదలుపెట్టి, ఒక్కో ఇటుక వదులు చేసి చేత్తో తీయండి. కిందినుంచి కొట్టొద్దు, పైనుంచి గోడ మొత్తం ఒకేసారి కాళ్ల మీద పడుతుంది. సమ్మెట ఊపి కొట్టాల్సిన అవసరమే రాలేదు మాకు, ఉలి, చిన్న సుత్తితోనే గంటన్నరలో అయిపోయింది. ఆ అదురు స్లాబ్‌కి ఎంత తక్కువ పోతే అంత మంచిది.

టబ్బు లేపడం

గోడ పోయాక టబ్బు కదులుతుందనుకుని నేను, హెల్పర్ అంచు పట్టుకుని లాగాం, ఇసుమంతైనా కదల్లేదు. మేస్త్రీ పాలమూరు ఆయన, పెద్దాయన, కాసేపు చూసి "గుంజుతె రాదు సార్ ఇది. ఏడేడ పట్టుకున్నదో సూడాలె, ఆడ ఇడిపిస్తె దానంతట అదే లేస్తది" అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని టార్చ్‌తో అడుగంతా చూశాడు. మూడు చోట్ల పట్టు ఉంది. వెనక గోడ మూలలో ప్లాస్టరింగ్ అంచు మీదికి వచ్చేసింది, అడుగున రెండు చోట్ల టబ్బు కింద పోసిన మాల్ (సిమెంట్, ఇసుక కలిపింది) గట్టిపడి అతుక్కుంది.

మూలలో సన్నటి ఉలితో ప్లాస్టరింగ్ గీకేశారు. అడుగున గునపాన్ని టబ్బుకి తగలకుండా ఆ మాల్ కిందికి పెట్టి, గునపం కింద ఒక ఇటుక ఆనించి మెల్లగా నొక్కితే టక్కుమని చప్పుడొచ్చి వదిలింది. ఇక్కడ మీరు గుర్తుంచుకోవాల్సింది, గునపం ఆనే చోట ఇటుక గానీ చెక్క గానీ ఉండాలి, నేరుగా స్లాబ్ మీద ఆనించి తిప్పితే వాటర్‌ప్రూఫింగ్ పొర చీరుకుపోతుంది.

ఒక చివర నాలుగంగుళాలు లేచాక కింద చెక్క పలక దూర్చాం, తర్వాత రెండో చివర. పలకల మీద గోనె సంచి వేస్తే టబ్బు జారుతూ ముందుకి వస్తుంది, మోయక్కర్లేదు. బాత్రూం మధ్యలోకి లాగాక, ముగ్గురు పట్టి నిలువుగా నిలబెట్టి, సన్న వైపు తలుపుకి వచ్చేలా తిప్పి బయటికి. వేళ్లు టబ్బు అంచుకీ తలుపు ఫ్రేమ్‌కీ మధ్య పడే చోటు అదే, అక్కడ ఒక్కరే మాట్లాడాలి, ఎత్తు, దించు, ఆపు అని ఒక్కరే చెప్పాలి.

ఆక్రిలిక్, ఫైబర్, క్యాస్ట్ ఐరన్ అయితే

ఆక్రిలిక్, ఫైబర్ టబ్బులు తలుపులోంచి రాకపోతే గ్రైండర్‌తోనో జిగ్‌సాతోనో అడ్డంగా రెండు ముక్కలు చేయొచ్చు. ఫైబర్ దుమ్ము ఒంటికి తగిలితే దురద పుడుతుంది, నిండు చేతుల చొక్కా వేసుకోండి. కోసే ముందు టబ్బు వెనక పైపులు లేవని చూసుకోండి.

క్యాస్ట్ ఐరన్‌ది బాగుంటే, ముఖ్యంగా కాళ్లున్న పాత రకం అయితే పగలగొట్టొద్దు, పాత సామాన్లు కొనేవాళ్లు అలాంటివి తీసుకుంటారు. కానీ మోయడానికి నలుగురు గట్టివాళ్లు కావాలి. లిఫ్ట్ సంగతి కూడా చూసుకోండి, లిఫ్ట్‌లో మనిషికి 68 కిలోల చొప్పున లెక్క వేస్తారు, ఆరుగురు పట్టే లిఫ్ట్ అంటే 408 కిలోలు. 150 కిలోల టబ్బుతో నలుగురు ఎక్కితే 422, దాటిపోయింది. టబ్బుతో ఇద్దరే ఎక్కి మిగతావాళ్లు మెట్ల మీద రావాలి. పనికిరాని టబ్బు అయితే లోపలే పగలగొట్టి ముక్కలు చేయడం ఒక్కటే దారి, అదైతే స్టీల్‌లా సొట్ట పడదు, విరుగుతుంది. పైన రెండు మూడు పొరల పాత దుప్పటి, గోనె సంచులు కప్పి, అప్పుడు 10 పౌన్ల సమ్మెటతో టబ్బు పక్కల మీద కొట్టాలి, అడుగు మీద కాదు, అడుగు మీద కొడితే దెబ్బ నేరుగా స్లాబ్‌కి పోతుంది. ఎనామిల్ పెచ్చులు గాజు పెంకుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ఆ గదిలో ఉండనివ్వొద్దు. పాత ఇనుప సామాన్లవాళ్లు ముక్కల్ని కిలో లెక్కన కొంటారు, ఆ డబ్బు హెల్పర్లకి ఇచ్చేయండి, కష్టం వాళ్లది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ టబ్బు ఇటుక గోడలో ఉండదు, గోడ లోపలి నిలువు చెక్కలకి (స్టడ్స్) అంచుని స్క్రూలతో బిగిస్తారు, చుట్టూ డ్రైవాల్ (గోడకి బిగించిన జిప్సం షీటు) అడుగు ఎత్తు కోస్తే ఆ స్క్రూలు కనిపిస్తాయి, అవి విప్పకుండా లాగొద్దు. ఇల్లు 1978కి ముందు కట్టింది అయితే పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పాత ఫ్లోర్ టైల్స్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కొట్టే ముందు టెస్ట్ చేయించండి.

టబ్బు కింద ఏముందో చూశాక

టబ్బు లేచిన చోట నల్లటి తడి ఇసుక, పిడికిట్లోకి తీసుకుని నొక్కితే నీళ్లు కారాయి. మేము నీళ్లు ఆపి అప్పటికి రెండో రోజు. తుప్పు పట్టిన బ్లేడు ఒకటి, ఎప్పుడో కట్టేటప్పుడు వదిలేసిన ఇటుక ముక్కలు, మురుగు వాసన. అది చూశాక ఒక నిర్ణయం తీసుకోవాలి, టబ్బు ఉన్న చోటు మాత్రం బాగుచేసి టైల్స్ వేసేయడమా, బాత్రూం మొత్తం సంకన్ తవ్వేయడమా. నా మాట ఏంటంటే, కింద తడి కనిపిస్తే మొత్తం తవ్వండి. సంకన్‌లో నీళ్లు ఒకచోట ఉండవు, ఇటుక ముక్కల మధ్యలోంచి బాత్రూం అంతా పరుచుకుని ఉంటాయి, సగం బాగుచేస్తే మిగతా సగం నుంచి చెమ్మ మళ్లీ వస్తుంది, అప్పుడు కొత్త టైల్స్ పగలగొట్టాలి. పొడిగా ఉంటే మాత్రం అక్కర్లేదు, ఆ భాగం చేయిస్తే చాలు.

తవ్వేటప్పుడు పెద్ద బ్రేకర్ మెషీన్ వద్దు. స్లాబ్ దగ్గరికి వచ్చేకొద్దీ చేత్తోనే. స్లాబ్‌లో స్టీల్ బయటపడి తుప్పు పట్టి ఉంటే దాన్ని కోయొద్దు, వంచొద్దు, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, దాన్ని చూసి చెప్పగలిగే ఇంజినీర్‌ని పిలవండి.

మల్బా, అంటే కొట్టగా వచ్చిన చెత్త, దాని లెక్క కూడా ముందే తెలుసుకోండి. టబ్బు పక్క గోడ, కింద ఇసుక, టైల్స్ కలిపి మాకు 28 సగం బస్తాలు వచ్చాయి, సంకన్ తవ్వితే ఇంకో 60 పైన. బస్తా నిండా నింపితే ఎవరూ ఎత్తలేరు, సగమే నింపాలి, 20 కిలోలు. వీటిని బెడ్రూంలో ఒక మూల గుట్టగా పెట్టొద్దు. ఇళ్ల గదుల స్లాబ్‌లకి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు, 60 బస్తాలు అంటే 1,200 కిలోలు, ఒకచోట పోగేస్తే ఎంత అవుతుందో చూడండి. ఏ రోజువి ఆ రోజు కిందికి దించేయండి. బయట ఖాళీ స్థలంలోనో నాలా పక్కనో పోయించొద్దు, రూల్స్ ప్రకారం కట్టడాల వ్యర్థాలు విడిగా ఇవ్వాల్సిన బాధ్యత మనదే, హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడలో వాటిని రీసైకిల్ చేసే ప్లాంట్‌లు ఉన్నాయి. ఆటోవాడు తక్కువకి తీసుకెళ్తానంటే ఎక్కడ పోస్తావని అడగండి.

మళ్లీ మూసే ముందు

కొత్త ట్రాప్, కొత్త పైపు వేయించాం. షవర్ చోటు నుంచి ట్రాప్ వైపు వాటం ఉండాలి, ఆరేడు అడుగుల దూరానికి ఒక అంగుళం అయినా దిగాలి. స్లాబ్ శుభ్రంగా కడిగి, పైపు గోడ దాటే ప్రతి చోటా చుట్టూ గ్రౌట్ నింపి, గోడకీ నేలకీ కలిసే మూలల్ని మాల్‌తో గుండ్రంగా చేయించి, అప్పుడు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు, మొదటిది నిలువు, రెండోది అడ్డం. గోడల మీద అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడ మీద 6 అడుగులు. డబ్బా మీద రాసినన్ని గంటలు ఆరనివ్వండి, మేస్త్రీకి తొందరున్నా సరే.

తర్వాత ట్రాప్ నోరు గట్టిగా మూసి, స్లాబ్ మీద రెండంగుళాల నీళ్లు కట్టి 48 గంటలు వదలాలి. గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి టైం రాయండి. మాకు మొదటి రాత్రికే గీత కంటే ముప్పావు అంగుళం దిగింది. కింద సీలింగ్ పొడిగానే ఉంది, షాఫ్ట్‌లోకి తొంగి చూస్తే పైపు గోడ దాటే చోట బయట తడి. నీళ్లు తోడేసి, ఆ చోట గ్రౌట్ మళ్లీ నింపి, కోటింగ్ మళ్లీ వేసి, ఆరాక మళ్లీ నీళ్లు కట్టాం. రెండోసారి 48 గంటల తర్వాత గీత దగ్గరే ఉంది, ఆంటీ వాళ్లింటికి వెళ్లి సీలింగ్ మీద చెయ్యి పెట్టి చూశా, పాత మరక ఉంది గానీ తడి లేదు.

సంకన్ నింపేముందు, గోడలకి టైల్స్ వేసేముందు, అన్ని పైపుల పక్కన టేప్ పెట్టి ఫొటోలు తీసుకోండి, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అని. షవర్ పక్కన అమ్మ పట్టుకోవడానికి స్టీల్ హ్యాండిల్ బిగించాలి, దానికి గోడలో నాలుగు రంధ్రాలు వేయాలి. అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూసి ఆ ఎత్తులో గోడ మీద గుర్తు పెట్టాం, నేల లెవెల్ నుంచి 32 అంగుళాలు. వేడినీళ్ల పైపు ఆ గుర్తుకి నాలుగంగుళాల అవతల ఉంది. ఆ ఫొటో నా ఫోన్‌లో ఉంది, ఒక కాపీ ప్రింట్ తీసి గీజర్ పక్కన అల్మారా తలుపు లోపలి వైపు అంటించా.